తిరస్కారంలో ఎన్ని రకాలు?

ప్రశ్న: నమస్తే అండి. డిగ్రీ చదువుతూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. కంటెంప్ట్, డిస్‌డెయిన్, స్కార్న్ మూడిటికీ నా డిక్షనరీలో తిరస్కారం అనే ఉంది, డిస్‌గ్రేస్, ఇగ్నమినీ రెండిటికీ అవమానమే. ఎక్కడ ఏది వాడాలో తెలీట్లేదు, కాస్త చెప్తారా?
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, ముందు డిక్షనరీ మూసేసి మన పెళ్లి భోజనాల్లోకి రా. కొబ్బరితోటలో బంతి వేశారు, సైకిలేసుకుని వచ్చిన పేద చుట్టాన్ని ఆ ఇంటావిడ కాళ్ల దగ్గర్నించి తలదాకా ఓసారి చూసి మాటైనా అనకుండా మొహం తిప్పేసుకుందనుకో, అది డిస్‌డెయిన్. నువ్వు మాకు తగవు అని. లాటిన్‌లో డిగ్నస్ అంటే తగినది, దానికి కాదనే ముక్క చేరింది. అదే ఆవిడ పదిమందిలో "వీళ్లకి కూడా పూతరేకులు కావాలంట" అని నవ్విందనుకో, అది స్కార్న్. స్కార్న్ నోటిదాకా వస్తుంది, ఈసడింపూ ఎగతాళీ కలిసే ఉంటాయి. కంటెంప్ట్ ఇంకా లోతు, ఈ మనిషి అసలు లెక్కలోకే రాడని మనసులో తేల్చేసుకోవడం. కోర్టు మాట లెక్కచేయకపోతే కంటెంప్ట్ ఆఫ్ కోర్ట్ అనేది అందుకే, 1971 చట్టం ప్రకారం ఆరు నెలలదాకా జైలు కూడా పడొచ్చు.

ఈ మూడూ చూసేవాళ్ల వైపువి. మిగతా రెండూ పడ్డవాళ్ల వైపువి. చిట్టీ పాడుకుని డబ్బుతో ఉడాయించినవాడు ఇంటికి తెచ్చే తలవంపులు డిస్‌గ్రేస్. ఇగ్నమినీలో ఉన్నది నోమెన్, అంటే పేరు. పేరు పోయింది అంటామే, అచ్చం అదే, కాకపోతే నలుగురికీ తెలిసేలా పోవాలి. చెల్లిన ఓట్లలో ఆరోవంతు కూడా రాక డిపాజిట్ గల్లంతైతే ఇంగ్లీషు పేపర్లలో ఇగ్నమీనియస్ డిఫీట్ అని రాసేది అందుకే. నామోషీకి మాత్రం డిస్‌గ్రేస్ రాయకు, అంత బరువు అక్కర్లేదు, ఎంబరాస్‌మెంట్ చాలు.

నువ్వు అడగనిది ఇంకోటి చెప్తాను. ఇంటర్లో నేను ఇన్‌ఫేమస్ అని చదివి, ఫేమస్ కానివాడు అని అర్థం చెప్తే లెక్చరర్ నన్ను నిలబెట్టి క్లాసందరి చేతా నవ్వించారు, ఆ స్కార్న్ నాకు ఇప్పటికీ గుర్తే. తెలీనిది అడిగినందుకు ఏ పిల్లకీ అలా జరక్కూడదు. దాన్ని ఇన్‌ఫమస్ అని పలకాలమ్మా, అర్థం చెడ్డపనికి పేరుమోసినవాడు.