చనిపోయిన తండ్రి పేరు మీద ఉన్న ట్రైలర్‌ను కొడుకు అమ్మితే కొనొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నేనూ మా ఆవిడా హెచ్-1బీ మీద ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరు పిల్లలు. సెలవుల్లో క్యాంపింగ్‌కి వెళ్లడానికి పాత లివింగ్ క్వార్టర్స్ ట్రైలర్ ఒకటి చూశాం. 2009 మోడల్, వెనక మూడు గుర్రాలు పట్టే చోటు, ముందు మంచం, వంటగట్టు, బాత్‌రూమ్ ఉన్నాయి. మాకు గుర్రాలు లేవు. వెనక భాగంలో పిల్లలకు బంక్ బెడ్లు వేయిద్దామని ఆలోచన. వెదర్‌ఫర్డ్ దగ్గర ఒకాయన 31,000 డాలర్లు చెబుతున్నాడు. టైటిల్ (యాజమాన్య పత్రం) మాత్రం చనిపోయిన వాళ్ల నాన్న పేరు మీదే ఉంది. ‘సంతకం చేసిన టైటిల్ ఇస్తాను, మీకేం టెన్షన్ వద్దు’ అంటున్నాడు. బిల్లు మీద ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని రాస్తాడట. 15,000కే కొన్నట్టు చూపిస్తే టాక్స్ కలిసొస్తుందని కూడా ఆయనే చెప్పాడు. అడ్వాన్సుగా 500 డాలర్లు పంపేశాం. లాగడానికి మా దగ్గర పాత ఎఫ్-350 డ్యూయలీ (వెనక నాలుగు చక్రాలుండే పికప్ ట్రక్కు) ఉంది. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: మిగతా డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. ట్రైలర్ కొనొద్దని నేను అనడం లేదు. గుర్రాల ట్రైలర్లకు చాసిస్ గట్టిగా ఉంటుంది. చాలావాటికి అల్యూమినియం బాడీ కాబట్టి, మామూలు క్యాంపింగ్ ట్రైలర్ల కన్నా ఎక్కువ ఏళ్లు మన్నుతాయి. మీ ఎంపికలో తప్పు లేదు. కానీ ఆయన చెప్పిన మూడు మాటల్లో ఒకటి చెల్లదు, ఒకటి నేరం, మూడోదానికి ఆయన అనుకుంటున్నంత బలం లేదు.

చెల్లని మాట టైటిల్ గురించి. తండ్రి పోయాక ఆయన సంతకం చేసిన టైటిల్ ఎక్కడి నుంచి వస్తుంది? బతికుండగా సంతకం పెట్టి ఉంచాడా, లేక కొడుకే తండ్రి పేరు రాసేస్తాడా? రెండోదైతే అది ఫోర్జరీ. మొదటిదైనా ఇబ్బందే. యజమాని చనిపోయిన క్షణం నుంచి ఆ ఆస్తి వారసులది, పాత సంతకంతో ఇప్పటి అమ్మకం నడవదు. టెక్సస్‌లో దీనికి సరైన దారి ఉంది, పెద్ద కష్టమూ కాదు. తండ్రి వీలునామా రాసి, అది కోర్టులో ప్రొబేట్ అయి (కోర్టు దాన్ని ఆమోదించి) ఉంటే, కోర్టు ఇచ్చిన లెటర్స్ (అధికార పత్రాలు) చూపించి ఎగ్జిక్యూటర్ (వీలునామాను అమలు చేసే వ్యక్తి) సంతకం చేయాలి. వీలునామా లేక, కోర్టు వ్యవహారమేదీ నడవకపోతే, రాష్ట్ర మోటారు వాహనాల శాఖవారి వీటీఆర్-262 అనే వారసత్వ అఫిడవిట్ ఉంది. దాని మీద వారసులందరూ నోటరీ ఎదుట సంతకం పెట్టాలి.

అందరూ అన్నదే అసలు మెలిక. మన ఊళ్లో తండ్రి పేరున ఉన్న పొలాన్ని పెద్దకొడుకు ఒక్కడే అమ్మేస్తే, పదేళ్ల తర్వాత చెల్లెలు వచ్చి నా వాటా ఏదని కోర్టుకెక్కడం మనకు కొత్త కాదు. ఇక్కడా అంతే. ఆయన తల్లి బతికుందా, తోబుట్టువులు ఎందరు, తండ్రికి మొదటి పెళ్లి ద్వారా పిల్లలున్నారా అని మొహమాటపడకుండా అడగండి. ఇంకో రాష్ట్రంలో ఉన్నవాళ్లు అక్కడి నోటరీ దగ్గర సంతకం చేసి పంపవచ్చు. ‘మా అక్క అలాంటివి పట్టించుకోదు’ అని ఆయన అంటే అది జవాబు కాదు.

టైటిల్ ముందువైపు లీన్‌హోల్డర్ (బండి మీద అప్పిచ్చినవారు) అని ఏదైనా బ్యాంకు పేరు ఉందేమో చూడండి. తండ్రి అప్పు మీద కొని ఉంటే, బాకీ తీరినట్టు బ్యాంకు ఇచ్చిన లీన్ రిలీజ్ కాగితం కూడా కావాలి. టైటిల్ మీదున్న విన్ నంబరూ (బండి గుర్తింపు సంఖ్య), ట్రైలర్ ముందు భాగంలో తయారీదారు అంటించిన ప్లేటు మీది నంబరూ అక్షరం అక్షరం పోల్చుకోండి. జాతీయ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో సైటులో ఆ నంబరు కొడితే, దొంగ బండిగా రిపోర్టు అయిందేమో ఉచితంగా తెలుస్తుంది.

ఇక నేరం సంగతి. 31,000కి కొని 15,000 అని చూపించడం. టెక్సస్‌లో వాహనం మీద సేల్స్ టాక్స్ 6.25 శాతం, అంటే మీకు 1,937 డాలర్ల 50 సెంట్లు పడుతుంది. తగ్గించి చూపితే వెయ్యి డాలర్లు మిగులుతాయి, నిజమే. కానీ టైటిల్ కోసం మీరు సంతకం పెట్టే 130-యూ దరఖాస్తు మీదే రాసి ఉంటుంది: తప్పుడు వివరాలిస్తే అది థర్డ్ డిగ్రీ ఫెలనీ (తీవ్రమైన నేరం), పదేళ్ల వరకు జైలు. అమెరికా పౌరుడికే అది పెద్ద తలనొప్పి. వీసా మీద ఉండి, రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అనే ప్రశ్నకు జవాబివ్వాల్సిన మీకు వెయ్యి డాలర్ల కోసం ఆ రిస్కు ఎందుకు? పైగా అది అమ్మేవాడి చేతికి మీరే ఇచ్చిన ఆయుధం. రేపు గొడవై కోర్టుకెళితే, మీ బిల్లు ప్రకారం మీ నష్టం 15,000కి లోపే అంటాడు. ఈ సలహా మన వాళ్ల పార్టీల్లోనూ ధారాళంగా దొరుకుతుంది. ఇచ్చినాయన జరిమానా కట్టడానికి మాత్రం రాడు.

మూడోది ‘యాజ్ ఈజ్’. దీని మీద మన వాళ్లలో రెండు రకాల అపోహలున్నాయి. అది రాస్తే ఇక ఏమీ అడగలేమని కొందరు, అది ఉత్త మాటేనని కొందరు. టెక్సస్ చట్టం ఈ రెండింటికీ మధ్యలో ఉంది. వ్యాపారి దగ్గర కొంటే, వస్తువు మామూలు వాడకానికి పనికొస్తుందన్న హామీ రాయకపోయినా చట్టమే కల్పిస్తుంది. ‘యాజ్ ఈజ్’ అని రాస్తే ఆ హామీ పోతుంది. మీకు అమ్మేది వ్యాపారి కాదు కాబట్టి ఆ హామీ మొదటి నుంచీ లేదు. పాత కార్ల డీలర్లు అద్దానికి అంటించే బయ్యర్స్ గైడ్ నిబంధన కూడా ఇంజను లేని ట్రైలర్లకు వర్తించదు. అంటే మీకున్న రక్షణ రెండే: ఆయన స్పష్టంగా చెప్పిన మాటలు, మీరు సొంతంగా చేయించుకున్న తనిఖీ.

చెప్పిన మాటలకు విలువుంది. ‘ఫ్లోరు గట్టిగా ఉంది’, ‘ఎక్కడా లీకులు లేవు’, ‘ఏసీ, ఫ్రిజ్ పనిచేస్తున్నాయి’ అని ప్రకటనలోనో మెసేజ్‌లోనో రాసి ఉంటే, వాటిని చట్టం హామీలుగా చూస్తుంది. ఆ స్క్రీన్‌షాట్లన్నీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. అమ్ముడయ్యాక ప్రకటన మాయమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా ఆ వాక్యాలను బిల్లు ఆఫ్ సేల్‌లోనే రాయించండి. ఒకే కాగితం మీద ‘లీకులు లేవు’ అనీ ‘యాజ్ ఈజ్’ అనీ ఉంటే, రెండోది మొదటిదాన్ని కొట్టేయలేదు. బిల్లులో లేకుండా, ‘మా మధ్య ఉన్న ఒప్పందం ఇంతే’ అనే వాక్యం కింద మీరు సంతకం పెడితే మాత్రం, నోటి మాటలు నిరూపించడం చాలా కష్టం. టైటిల్ విషయంలో ‘యాజ్ ఈజ్’కి పనే లేదు. అది బండి స్థితి గురించిన మాట. అమ్మే హక్కు ఉందన్న హామీ దానివల్ల పోదు.

1995లో టెక్సస్ సుప్రీంకోర్టు ప్రుడెన్షియల్ వర్సెస్ జెఫర్సన్ అసోసియేట్స్ కేసులో చెప్పిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. ‘యాజ్ ఈజ్’ అని ఒప్పుకున్నవాడు తన అంచనాను నమ్ముకుని కొన్నట్టే లెక్క. అయితే అమ్మేవాడు తెలిసిన లోపాన్ని దాచి మోసంతో ఒప్పించినా, తనిఖీకి అడ్డుపడినా ఆ రక్షణ అతనికి ఉండదు. కాబట్టి తనిఖీకి వెళ్తామని మెసేజ్ పెట్టి వెళ్లండి. ఆయన ‘కుదరదు’ అంటే ఆ మెసేజే మీకు సాక్ష్యం.

వెళ్లినప్పుడు ముందుగా గుర్రాలు నిలబడే చోట రబ్బరు మ్యాట్లు పైకి లేపించండి. బరువుగా ఉంటాయి, ఎవరూ లేపరు, అందుకే అసలు సంగతి అక్కడే ఉంటుంది. గుర్రాల మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది. తెల్లటి పొడి, చిన్నచిన్న గుంటలు కనిపిస్తే ఫోటోలు తీయండి. చెక్క ఫ్లోరైతే స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. ఆ తర్వాత గూస్‌నెక్ (ట్రక్కు మీదకు చాచి ఉండే ట్రైలర్ ముందు భాగం) మీది మంచం పరుపు ఎత్తి మూలలు నొక్కండి. మెత్తగా దిగితే లోపల నీళ్లు చేరాయి. టైరు మీద డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారం టైరు. ఫ్రిజ్ మోడల్, సీరియల్ నంబర్లు రాసుకుని రీకాల్ (లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. ఈ తరహా గ్యాస్ ఫ్రిజ్‌లను మంటల ప్రమాదం వల్ల కంపెనీలు పెద్ద ఎత్తున రీకాల్ చేశాయి. ట్రైలర్ విన్ నంబరుతో వెతికితే ఆ రీకాల్ కనిపించకపోవచ్చు. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో వ్యాపారేతర వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ తీసేశారు కాబట్టి, ‘ఇన్‌స్పెక్షన్ పాసైంది’ అన్న మాట మీద ఆధారపడే వీల్లేదు. చేతనైతే ట్రైలర్ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

వెనక భాగంలో పిల్లల బంక్ బెడ్ల గురించి మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికన్నా భయం అక్కడే. చాలా గుర్రాల ట్రైలర్లలో వెనక తలుపు గడియ బయటే ఉంటుంది. లోపలున్నవాళ్లు తీసుకోలేరు. లోపలి నుంచి తెరుచుకునే దారి, పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టించకుండా అక్కడ ఎవరినీ పడుకోబెట్టకండి. బండి నడుస్తుండగా అయితే ట్రైలర్‌లో మనుషులు ఉండటమే టెక్సస్‌లో నేరం. ‘నిద్రపోతున్నారు కదా, లేపడమెందుకు’ అనుకోకండి.

లైసెన్సు గురించి కూడా మీరు అడగలేదు. మీ ఇద్దరి దగ్గరా ఉన్నది మామూలు క్లాస్ సీ అయి ఉంటుంది. ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ (తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ మొత్తం బరువు) 10,000 పౌండ్లు దాటి, ట్రక్కూ ట్రైలరూ కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు మించితే క్లాస్ ఏ కావాలి. మీ డ్యూయలీ తలుపు పక్క స్టిక్కర్ మీద 13,000, ట్రైలర్ ప్లేటు మీద 15,500 ఉన్నాయనుకుందాం. మొత్తం 28,500. ఆ రోజు బండి ఖాళీగా ఉందా, నిండా ఉందా అన్నది లెక్కలోకి రాదు, తయారీదారు రాసిన అంకెలే లెక్క. సొంత వాడకం కాబట్టి కమర్షియల్ లైసెన్సు అక్కర్లేదు. నాన్-కమర్షియల్ క్లాస్ ఏ చాలు, దానికి రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష ఉంటాయి. అది లేకుండా లాగుతూ ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్స్ కంపెనీ కొర్రీ పెట్టడానికి మీరే దారి చూపినట్టు. మీ ఆవిడ కూడా నడిపేటట్టయితే ఆమెకూ కావాలి.

ట్రక్కు ఇన్సూరెన్స్ ట్రైలర్‌కీ సరిపోతుందనుకోకండి. ఎదుటివాళ్లకు జరిగే నష్టం సాధారణంగా దాని కిందకు వస్తుంది, మీ ట్రైలర్‌కు జరిగే నష్టం రాదు. వేరే పాలసీ తీసుకోండి, అందులో లివింగ్ క్వార్టర్స్ ఉన్నట్టు రాయించండి. ఖాళీగా ఉన్నప్పుడు అద్దెకిద్దామన్న ఆలోచన వస్తే, ఇన్సూరెన్స్ కన్నా ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. హెచ్-1బీ మీద ట్రైలర్ సొంతానికి ఉండటం తప్పు కాదు. దానితో మీరే వ్యాపారం నడపడం వేరే కథ.

మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల పుస్తకం ఒకసారి తిరగేయండి. డాలస్ ఉత్తరాన కొత్త కాలనీల్లో ట్రైలర్‌ను డ్రైవ్‌వేలో ఉంచనివ్వకపోవడం మామూలే. అలాంటప్పుడు స్టోరేజీ యార్డు అద్దె కూడా ధరలో కలుపుకోవాలి. కొన్ని ప్రైవేటు ఆర్‌వీ (క్యాంపింగ్ బండ్ల) పార్కులు ఆర్‌వీఐఏ (ఆర్‌వీ తయారీ పరిశ్రమ సంఘం) సీలు లేని గుర్రాల ట్రైలర్లను రానివ్వవు. ఆ సీలు తలుపు దగ్గర ఉందేమో చూసుకోండి. గుర్రాలతో వచ్చేవాళ్లకే కేటాయించిన క్యాంప్‌సైట్లను మీరు బుక్ చేయకండి. బిగ్ బెండ్ వైపు వెళితే తిరుగు ప్రయాణంలో దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు తగులుతాయి. పెద్దవాళ్లిద్దరూ పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) వెంట ఉంచుకోండి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రాలు దగ్గర పెట్టుకోవాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది.

డబ్బు ఇచ్చే పద్ధతి: కాగితాలన్నీ సిద్ధమయ్యాక ఆయన్ని కౌంటీ టాక్స్ ఆఫీసుకు రమ్మనండి. అఫిడవిట్, టైటిల్, 130-యూ కౌంటర్‌లో తీసుకుంటామన్నాకే క్యాషియర్స్ చెక్ చేతికివ్వండి. కొన్న తర్వాత 30 రోజుల్లోగా బదిలీ జరగాలి, మీకది అక్కడే తేలిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా మోసం బయటపడితే, 20,000 డాలర్ల లోపు వివాదాలు జస్టిస్ కోర్టులో లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. టెక్సస్ వినియోగదారుల రక్షణ చట్టం కింద వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంది, కేసుకు 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసివ్వాలి.

మిగిలింది మీ 500 డాలర్లు. తిరిగి ఇవ్వక్కర్లేదని మీరూ ఆయనా ముందే ఒప్పుకుని ఉంటే తప్ప, సరైన టైటిల్ ఇవ్వలేని అమ్మకందారు దాన్ని ఉంచేసుకోవడానికి కారణం లేదు. ఈ రోజే ఆయనకు మెసేజ్ పెట్టండి: వారసులందరి సంతకాలతో అఫిడవిట్ ఫలానా తేదీలోగా ఇవ్వాలని, మ్యాట్లు లేపి తనిఖీ చేయనివ్వాలని, బిల్లులో 31,000 అనే రాయాలని, వీటిలో ఏది కుదరకపోయినా అడ్వాన్సు వెనక్కి పంపాలని. ఫోన్ చేసి మాట్లాడుకుందాం అంటే మాట్లాడండి, కానీ పెట్టేశాక మాట్లాడుకున్నదంతా మళ్లీ మెసేజ్‌గా పంపండి.