వల్గారిస్ అని వెతికితే ఉడత, ఆక్టోపస్, బీట్‌రూట్ కలిసి వస్తున్నాయంటే

మొక్కలు, జంతువుల పేర్ల పట్టిక చేసుకున్న ఒకరి ప్రశ్న: వల్గారిస్ అని వెతికితే సంబంధం లేనివన్నీ వస్తున్నాయి, బార్లీ మాత్రం దొరకడం లేదు, ఎందుకు? మీ పట్టికలో "జాతి" గడిలో శాస్త్రీయ నామంలోని రెండో మాట ఒక్కటే ఉంది, చిక్కంతా అక్కడే. ఆ మాట ఏ ఒక్క జీవి సొత్తూ కాదు. ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు, దాని పేరే శాస్త్రీయ నామంలో మొదటి మాట) రెండు జాతులకు అదే మాట పెట్టకూడదు, నియమం అంతవరకే. అందుకే ఏ చుట్టరికమూ లేని సియూరస్ వల్గారిస్ (ఎర్ర ఉడత), ఆక్టోపస్ వల్గారిస్, బీటా వల్గారిస్ (బీట్‌రూట్) ఒకే గుంపులో పడ్డాయి.

1. ప్రజాతికి వేరే గడి పెట్టి, రెండు మాటలూ కలిపి వెతకండి.

2. ప్రజాతిని పూర్తిగా రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. మీ మూడో వరుసలో "పి. వల్గారిస్" అని ఉంది. అది ఫేసియోలస్ అయితే చిక్కుడు రకం బీన్స్, ప్రిములా అయితే పూలమొక్క, పింగ్విక్యులా అయితే పురుగుల్ని తినే మొక్క. లాటిన్‌లో మూడూ "పి"తోనే మొదలవుతాయి. పొట్టి అక్షరం వ్యాసంలో చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ పూర్తి పేరు ముందే వచ్చి ఉంటుంది. పట్టికలో ఏ వరుసకు ఆ వరుసే.

3. జంతువా, మొక్కా అని ఇంకో గడి. రెంటికీ నామకరణ నియమావళులు వేరు కాబట్టి ప్రజాతి పేరు కూడా కలవొచ్చు: మోరస్ అంటే మల్బరీ, గానెట్ అనే సముద్రపక్షి కూడా.

4. బార్లీ దొరకలేదన్నారు కదా, అది హోర్డియం వల్గారే. ప్రజాతి పేరు లాటిన్‌ వ్యాకరణంలో ఏ లింగమో దాన్ని బట్టి రెండో మాట చివర మారుతుంది. "వల్గార" (ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే vulgar) వరకే కొట్టండి, వచ్చేస్తుంది.