బేస్ లేయర్ కొనేముందు ఒకసారి ఇది చదువు

చిన్నీ,

సైకిల్ తొక్కేటప్పుడు జెర్సీ లోపల ఒంటికి ఆనుకుని వేసుకునే బేస్ లేయర్ ఏది కొనాలని అడుగుతూ నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. మొదటిది వద్దు. దాని మీద థర్మల్ అని రాసుంది కదా అని పడిపోకు, లేబుల్ ఫోటోని పెద్దది చేసి చూస్తే సగానికి పైగా కాటన్ ఉంది. అది ఇంట్లో రాత్రి వేసుకుని పడుకోడానికి బాగుంటుంది, సైకిల్ మీద కాదు. రెండోది, వలలా కన్నాలున్న ఆ చేతుల్లేని మెష్‌ది, ఇప్పుడే తీసుకో. మూడోది, ఆ మెరినో ఉన్ని ఫుల్ హ్యాండ్స్‌ది, కొనాలా వద్దా అన్నది నువ్వు డిసెంబరులో లంబసింగి నిజంగా వెళ్తున్నావా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

బేస్ లేయర్ అంటే చలికి లోపల వేసుకునేది అని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. దాని అసలు పని చెమటను చర్మం మీద నుంచి లాగి బట్ట పైవైపుకి చేర్చడం, అక్కడ గాలి తగిలి అది ఆరిపోవడం, అంతే. నువ్వు తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతుకు మించి పెడల్‌కి చేరదు, మిగతాదంతా వేడే. ఆ వేడిని బయటికి పంపడానికి ఒంటికున్న పెద్ద దారి చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి తీసుకుపోతుంది. ఆవిరైతేనే. బొట్లుబొట్లుగా కారి కింద పడిపోయిన చెమట వల్ల ఒళ్ళు చల్లబడదు, నీళ్ళూ ఉప్పూ పోవడం తప్ప. అలాగే తడిబట్ట ఒంటికి అంటుకుని ఉండగా చల్లగాలి కొడితే, పొడి గాలికన్నా నీళ్ళు వేడిని దాదాపు 25 రెట్లు త్వరగా లాగేస్తాయి. కాబట్టి ఎండైనా చలైనా చూడాల్సింది ఒకటే, నా చెమట ఎక్కడికి పోతోంది, ఎంతసేపట్లో ఆరుతోంది. ఫోన్లో టెంపరేచర్ చూసి బట్ట ఎంచుకునేవాళ్ళు అందుకే ఎప్పుడూ తికమకపడుతుంటారు.

కాటన్ ఎందుకు వద్దంటే, అది నీళ్ళని తాగి తనలోనే పెట్టుకుంటుంది. బరువెక్కి, సాగి, చంకల దగ్గర ఒరుసుకుని మంట పుట్టిస్తుంది. పాలిస్టర్ దారం తన లోపలికి నీటిని దాదాపు తీసుకోదు, తన బరువులో అర శాతం కూడా ఉండదు. నీళ్ళు దారాల మధ్య సందుల్లోంచి పాకి పైకి వస్తాయి, త్వరగా ఆరతాయి. దానితో వచ్చే తంటా వాసన. రెండు మూడు రైడ్లకే ఎంత ఉతికినా పోని ఒక వాసన పట్టుకుంటుంది. ఉన్ని ఈ రెండింటికీ వేరు. దారం పైపొర నీళ్ళని పట్టనివ్వదు, లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది, తన బరువులో 30 శాతం దాకా పీల్చుకున్నా చేతికి తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని కూడా వదులుతుంది. మన గొర్రెల కాపరులు ముసురులో గొంగడి కప్పుకుని పొలాల వెంట తిరగడం చూశావు కదా, తడిసిన గొంగడి బరువెక్కినా ఒంటికి వెచ్చగానే ఉంటుంది. అయితే దక్కన్ గొర్రె ఉన్ని ముతక, చర్మానికి గుచ్చుకుంటుంది. బేస్ లేయర్లకి వాడే మెరినో గొర్రె వెంట్రుక మందం సాధారణంగా 20 మైక్రాన్ల లోపే ఉంటుంది, మన తల వెంట్రుకలో మూడో వంతు, అందుకే ఒంటి మీద నేరుగా వేసుకోగలం. ధర మాత్రం వేలల్లో ఉంటుంది, సింథటిక్‌వి వందల్లో దొరుకుతాయి. అందుకే అందరికీ మెరినో కొనమని నేను చెప్పను.

ఇక ఎండాకాలం సంగతి. నువ్వు ఉండేది హైదరాబాద్, నేను ఉండేది విశాఖ, ఈ రెంటికీ ఒకే సలహా పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, 40 డిగ్రీలు దాటినా చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. అలాంటి చోట పల్చటి, చేతుల్లేని మెష్ బేస్ లేయర్ నిజంగా ఒళ్ళు చల్లబరుస్తుంది, ఎందుకంటే చెమటని ఒకచోట బొట్టు కట్టనివ్వకుండా బట్టంతా పరుస్తుంది, పరుచుకున్నది త్వరగా ఆవిరవుతుంది. మీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద నీడ దొరుకుతుంది కానీ గాలి వేడిగానే ఉంటుంది కదా, అక్కడ ఆగినప్పుడల్లా బాటిల్‌లో నీళ్ళు కొంచెం ఛాతీ మీదా వీపు మీదా పోసుకుని మళ్ళీ ఎక్కు. మెష్ ఆ నీటిని పట్టుకుని ఉంటుంది, తేడా నీకే తెలుస్తుంది. కర్నూలు, అనంతపురం వైపు కూడా ఇదే పద్ధతి.

విశాఖలో అలా కాదు. ఇక్కడ ఉక్క. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరడానికి చోటుండదు, ఎంత ఖరీదైన బట్ట వేసినా భీమిలి చేరేసరికి పిండితే నీళ్ళు కారతాయి. ఇలాంటి వాతావరణంలో అమ్మేవాళ్ళు ఏం చెప్పినా బేస్ లేయర్ తీసేయమనే నా మాట. మంచి పల్చటి జెర్సీ ఒక్కటి చాలు. జెర్సీ ఛాతీకి అతుక్కుపోయి చిరాకు పెడుతుందంటే పెద్ద పెద్ద కన్నాలున్న మెష్ వేసుకో, అంతకు మించి వద్దు. ఒంటికి చెమటకాయలు వచ్చే రకమైతే రైడ్ అవగానే ముందు స్నానం, తర్వాతే టిఫినూ ఫోటోలూ.

ఇంకో విషయం, ఇది షాపుల్లో మగవాళ్ళెవరూ చెప్పరు. మనకి అసలైన మొదటి పొర స్పోర్ట్స్ బ్రా. వేలు పోసి మెరినో కొని దాని కింద కాటన్ బ్రా వేసుకుంటే డబ్బు దండగే, తడి అంతా అక్కడే చేరి ఛాతీ మధ్యలో చల్లటి పట్టీ కట్టినట్టు ఉండిపోతుంది, దిగుడులో వణుకు మొదలయ్యేది అక్కడి నుంచే. ముందు దానికి డబ్బు పెట్టు. వెడల్పు కుట్లు, హుక్కులు లేనిది, పాలిస్టర్ లేదా నైలాన్‌ది, లోపల దళసరి ప్యాడ్లు లేనిది చూసుకో, ఆ ప్యాడ్లు స్పాంజిలాగా నీళ్ళు దాచుకుంటాయి. నీకున్నవాటిలో ఏది ఏ బట్టో తెలియకపోతే పక్కకుట్టులో ఉన్న చిన్న లేబుల్ చూడు, అక్కడ శాతాలు రాసుంటాయి.

వానాకాలంలో తడవకుండా తొక్కాలన్న ఆశ వదిలెయ్. రెయిన్ జాకెట్ వానని ఆపుతుంది, చెమటని కూడా ఆపుతుంది, గంటలో లోపలి నుంచి తడిసిపోతావు. అందుకే తడిసినా వెచ్చగా ఉండేది కావాలి. పల్చటి పొడుగు చేతులది, పాలిస్టరైనా పర్లేదు, మెరినో 150 జీఎస్‌ఎమ్ అయితే ఇంకా మంచిది. జీఎస్‌ఎమ్ అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, 120 నుంచి 150 పల్చన, 200 మధ్యస్థం, 250 దళసరి. మన దగ్గర 200 దాటి ఎవరికీ అక్కర్లేదు. ఒకవేళ నువ్వు అన్నట్టే 300 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, చేస్తే, దానికి 20 గంటల గడువు ఉంటుంది, అందులో రాత్రి భాగం కచ్చితంగా వస్తుంది. జిప్ కవర్లో ఒక పొడి బేస్ లేయర్ మడిచి పెట్టుకో. చీకటి పడేముందు కంట్రోల్ (దారిలో ఆగి హాజరు వేయించుకునే చోటు) దగ్గర మార్చుకుంటే, మిగతా అంతా తడిగా ఉన్నా ఒంటికి ప్రాణం లేచొస్తుంది. దీన్ని మించిన సలహా బ్రెవేల గురించి నా దగ్గర లేదు.

హైదరాబాద్ చలికాలానికి కొత్తగా ఏమీ కొనకు. పొద్దున 12, 14 డిగ్రీలుంటుంది, ఎనిమిదిన్నరకి ఎండ వచ్చేస్తుంది. ఆ మెష్ మీద మామూలు జెర్సీ, ముంజేతులకి ఆర్మ్ స్లీవ్స్, ముందు గాలి ఆపే చేతుల్లేని జాకెట్ ఒకటి. ఎండ రాగానే అన్నీ తీసి వెనక జేబులో పెట్టేయొచ్చు. బయల్దేరేటప్పుడు మొదటి పది నిమిషాలు కొంచెం చలిగా అనిపించాలి. గేటు దగ్గరే వెచ్చగా ఉంటే ఎక్కువ వేసుకున్నావన్నమాట, ఐదో కిలోమీటరుకి చెమట పడుతుంది, తర్వాత ఆ చెమటే చలి పుట్టిస్తుంది.

ఇక లంబసింగి. ఇక్కడ జాగ్రత్తగా విను. అది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరు జనవరుల్లో ఆ చుట్టుపక్కల, చింతపల్లి వైపు, ఐదు డిగ్రీల లోపుకి కూడా పడిపోతుంది, పొగమంచు వేరే. అందరూ సూర్యోదయానికి పైన ఉండాలని చీకట్లో నర్సీపట్నంలో బయల్దేరతారు. ఎక్కేటప్పుడు నిదానంగా పోతావు, గాలి తగలదు, కష్టం ఎక్కువ, కాబట్టి ఎంత చలిలోనైనా చెమటతో తడిసిపోతావు. పైకి చేరాక ఆగి, టీ తాగి, మంచులో ఫోటోలు దిగి, అదే తడిబట్టతో గంటకి 40 కిలోమీటర్ల వేగంతో కిందికి దిగుతావు. చేతులు కొంకర్లు పోయి బ్రేకు పట్టలేకపోవడం జరిగేది అప్పుడే. ఎక్కేటప్పుడు చలి గురించి అంత భయపడక్కర్లేదు, దిగేటప్పటి గురించే నా టెన్షన్.

కాబట్టి ఎక్కేటప్పుడు నీ పల్చటి మెష్, పైన జిప్ ఉన్న జెర్సీ, జిప్ సగం తెరిచి ఎక్కు. మెరినో పొడుగు చేతులది 150 లేదా 200 సంచిలో పొడిగా ఉండాలి. పైకి చేరగానే టీ చెప్పకముందే మార్చుకో. బిబ్ (భుజాల మీద పట్టీలుండే సైకిల్ నిక్కరు) పట్టీలు బేస్ లేయర్ మీద నుంచి వస్తాయి, కాబట్టి మార్చాలంటే జెర్సీ తీయక తప్పదు, రోడ్డు పక్కన కుదరదు. అక్కడ హోటల్ నడిపే ఆడవాళ్ళని అడుగు, లోపలికి రానిస్తారు, మొహమాటపడకు. తర్వాత పైన గాలి ఆపే జాకెట్, చేతులకి నిండు గ్లోవ్స్. జాకెట్ మరిచిపోయావనుకో, టీ కొట్టులో పాత పేపరు అడిగి జెర్సీ లోపల ఛాతీ మీద నాలుగు మడతలు పెట్టుకో. టూర్ డి ఫ్రాన్స్‌లో పాతకాలం రైడర్లు కొండపైన జనం దగ్గర పేపర్లు అందుకుని ఇలాగే దిగేవాళ్ళు. బాగా పనిచేస్తుంది.

చికాగోలో మీ అన్నయ్య కూడా అడిగాడు కాబట్టి వాడికి ఈ ముక్క పంపించు. సున్నాకి కింద తొక్కేవాడికి దళసరి బేస్ లేయర్ ఒకటి కన్నా, ఒంటికి ఆనుకుని వలలాంటి బనియన్, దాని మీద మెరినో 200, పైన గాలి చొరబడనిది, ఇదే మంచి పద్ధతి. 1933లో నార్వే సైన్యంలో హెన్రిక్ బ్రన్ అనే అధికారి చేపల వలల్ని కుట్టి మొదటి వల బనియన్ చేశాడు. వల కన్నాల్లో నిలిచిన గాలి వెచ్చదనం ఇస్తుంది, చెమట ఆ కన్నాల్లోంచే బయటికి పోతుంది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం కూడా వల బనియన్లు వాడింది. సిగ్నళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగే ఊరు కాబట్టి వాడు పొడిగా ఉండడమే ముఖ్యమని చెప్పు.

సైజు గురించి. బేస్ లేయర్ ఒంటికి ఆనుకుని ఉండాలి, ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ చెమటని లాగలేదు. అద్దం ముందు నిలబడి చూసుకుంటే తెలియదు. సైకిల్ మీద కూర్చున్నట్టు ముందుకి వంగి చేతులు చాపు. నడుము వెనక చర్మం బయటపడకూడదు, కడుపు దగ్గర ముడతలు పడకూడదు, చంకలో కుట్టు గుచ్చుకోకూడదు. భుజం మీద కుట్టు లేనిది దొరికితే తీసుకో, బిబ్ పట్టీ సరిగ్గా అక్కడే నొక్కుతుంది. షాపులోనే ఒక చుక్క నీళ్ళు బట్ట లోపలి వైపు వేసి చూడు. వెంటనే వెడల్పుగా పాకితే మంచిది, బొట్టులా నిలబడిపోతే వదిలెయ్. డెకాత్లాన్‌లో సింథటిక్‌వి చూడు, మొదటిదానికి అంతకు మించి అవసరం లేదు.

ఉతకడం మీ అమ్మకి వదలకు. కంఫర్టు లాంటి సువాసన ద్రవం సింథటిక్ వాటికి అస్సలు వేయకూడదు, దారాల మీద పొరలా పట్టి చెమటని లాగడం ఆపేస్తుంది. మెరినోని చన్నీళ్ళలో, తేలికపాటి సబ్బుతో, పిండకుండా, నీడలో పరిచి ఆరబెట్టు, తాడు మీద వేలాడేస్తే సాగిపోతుంది. తీసి దాచేటప్పుడు పురుగు పట్టకుండా ఎండిన వేపాకు పొట్లం పెట్టు. పాలిస్టర్‌ది రైడ్ నుంచి వచ్చిన వెంటనే నీళ్ళలో జాడించు, బుట్టలో పడేసి సాయంత్రం చూద్దామంటే ఆ వాసన ఇక వదలదు.

మెష్‌ది రాగానే వేసుకుని, వంగి కూర్చుని, వెనక నుంచి ఒక ఫోటో తీయించి పంపు, సైజు సరిపోయిందో లేదో చెప్తాను. లేబుల్ అప్పుడే కత్తిరించకు, మార్చాల్సి రావచ్చు.

ప్రేమతో,
పెద్దమ్మ