లైనక్స్ ఎక్కించాక వైఫై రాకపోతే: మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించానని, వైఫై రావట్లేదని అన్నావు. అంతమాత్రానికే ఇదీ సంగతని ఎవరూ చెప్పలేరు. వైఫై ఆప్షనే లేదా? ఆప్షనుండి నెట్‌వర్కుల పేర్లు రావట్లేదా? కలిసి మళ్లీ ఊడిపోతోందా? ఇవి మూడూ మూడు వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే బాగున్నది కూడా పాడవుతుంది. వీడియోలు చూసి కమాండ్లు వరసపెట్టి కొట్టకు. అందులోనూ ఎన్‌డిస్‌ర్యాపర్ (విండోస్ డ్రైవర్‌ని లైనక్స్‌లో నడిపే సాధనం) పేరు వినబడితే అక్కడే ఆపెయ్. అది ఎప్పటిదో కాలం చెల్లిన పద్ధతి.

కమాండ్లు తెలుగులో రాస్తున్నాను, నువ్వు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకో.

డ్రైవర్, అంటే వైఫై చిప్పుని నడిపించే ప్రోగ్రామ్, దించుకోవాలన్నా నెట్ కావాలి కదా, దానికి ఫోన్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చెయ్యి. లైనక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌లాగే పట్టుకుంటుంది. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చవదు. టెదరింగ్ బటన్ నొక్కుడు పడకపోతే కేబుల్ మార్చి చూడు, కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు.

ఇప్పుడు చిప్పు సంగతి. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దాని పక్కనే ఎన్ఎన్‌కే అని కొట్టు. పెద్ద జాబితా వస్తుంది. అందులో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్నది నీకు కావాలి. 'ఈథర్‌నెట్ కంట్రోలర్' వైరుది, దాన్ని వదిలెయ్. ఆ లైను చివర్లో చదరపు బ్రాకెట్లలో, మధ్యలో కోలన్‌తో రెండు భాగాల నంబరు ఉంటుంది. మొదటి భాగం కంపెనీ: 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సీ అంటే ఎథిరోస్, 14సీ3 అంటే మీడియాటెక్. రెండో భాగం మోడల్. వెతకాల్సింది ఈ నంబరుతోనే. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతికితే లాభం లేదు, ఒకే మోడల్‌లో కంపెనీవాళ్లు రెండు మూడు రకాల కార్డులు వేస్తుంటారు.

దాని కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న లైనుందా చూడు (కెర్నెల్ అంటే లైనక్స్ మూలభాగం). లేకపోతే డ్రైవర్ తగులుకోలేదు. ఉంటే డ్రైవర్ వచ్చి కూర్చుంది, మళ్లీ డ్రైవర్ ఎక్కించడం దండగ; లోపం ఫర్మ్‌వేర్‌లోనో (చిప్పు లోపల నడిచే ప్రోగ్రామ్), స్విచ్‌లోనో, సెట్టింగులోనో ఉంది.

నంబరు 14ఈ4:4365 వచ్చిందంటే అది బ్రాడ్‌కామ్ 43142. పాత ల్యాప్‌టాప్‌లలో బోలెడన్ని ఉన్నాయి. దీని డ్రైవర్ కెర్నెల్‌లో రాదు. సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్‌లో అడిషనల్ డ్రైవర్స్ ట్యాబ్ తెరిస్తే అక్కడే చూపిస్తుంది, ఎంచుకుని అప్లై నొక్కు. ప్యాకేజీ పేరు బీసీఎమ్‌డబ్ల్యూఎల్-కెర్నెల్-సోర్స్. డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో అయితే బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎమ్ఎస్.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఈ డ్రైవర్ నీ మెషీన్‌లోనే కంపైల్ అవుతుంది, అంటే కోడ్ నుంచి అక్కడికక్కడే తయారవుతుంది. సెక్యూర్ బూట్ (బూట్ అయ్యేటప్పుడు సంతకాలు సరిచూసే కాపలా) ఆన్‌లో ఉంటే, సంతకం లేని మాడ్యూల్‌ని, అంటే డ్రైవర్ ముక్కని, కెర్నెల్ లోపలికి రానివ్వదు. సుడో మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ అని కొట్టి డ్రైవర్ ఎక్కించినప్పుడు 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వస్తే విషయం ఇదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, కనీసం 8 అక్షరాలు. కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. వెంటనే ఏదో ఒక కీ నొక్కాలి, ఆలస్యమైతే అది మామూలుగా బూట్ అయిపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ వరసగా ఇవి: ఎన్‌రోల్ మోక్ (నీ సంతకం తాళంచెవిని నమోదు చెయ్యడం), కంటిన్యూ, యెస్, ఆ పాస్‌వర్డ్, రీబూట్. అంతే. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసినా పనవుతుంది గానీ, పక్కన విండోస్ బిట్‌లాకర్ అనే డిస్క్ తాళంతో ఉంటే అది రికవరీ కీ అడుగుతుంది. కీ చేతిలో లేకుండా ఆ పని చెయ్యకు.

నెల తర్వాత అప్‌డేట్ చేశాక వైఫై మళ్లీ పోయిందంటే, కొత్త కెర్నెల్‌కి డ్రైవర్ కంపైల్ కాలేదన్నమాట. డీకేఎమ్ఎస్ (కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చేసే సాధనం) స్టేటస్ కొట్టి చూడు. చాలాసార్లు హెడర్స్ ప్యాకేజీ (కంపైల్‌కి కావాల్సిన కెర్నెల్ ఫైళ్లు) లేకపోవడమే కారణం. నీ కెర్నెల్ రకానికి సరిపోయే హెడర్స్ వెయ్యి. అప్పటిదాకా బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో నడుపుకో.

ఇంకోటి, ఈ బ్రాడ్‌కామ్ 43142 చిప్పుకి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. రూటర్‌లో పేరు చివర 5జీ అని ఉన్న నెట్‌వర్క్ కనబడలేదని డ్రైవర్‌ని తిట్టకు.

రియల్‌టెక్ అయితే కెర్నెల్ వయసు చూడాలి. యూనేమ్, అడ్డగీత, ఆర్ కొడితే చెబుతుంది. 8852బీఈకి 6.2 గానీ ఆ పైది గానీ కావాలి. ఉబుంటు 22.04తో మొదట వచ్చిన 5.15లో అది ఉండదు, హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ (పాత ఉబుంటుకి ఇచ్చే కొత్త కెర్నెల్) వేస్తే వస్తుంది. గిట్‌హబ్ (కోడ్ పంచుకునే సైటు) నుంచి డ్రైవర్ దించి కంపైల్ చెయ్యడం ఆఖరి మాట. కెర్నెల్‌లో ఉన్నదీ, నువ్వు వేసిందీ రెండూ పోటీ పడితే అసలుకే ఎసరు.

అదే రియల్‌టెక్‌లో 8723బీఈ అని ఒకటుంది, దాని తీరు వేరు. డ్రైవరుంటుంది, నెట్‌వర్కులూ కనబడతాయి, కానీ రూటర్ పక్కన కూర్చుంటేనే పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ తయారీదారు ఒక్కటే యాంటెన్నా వైరు తగిలించి ఉంటాడు, డ్రైవరేమో రెండోదాన్ని వింటుంటుంది. మాడ్యూల్‌ని మాడ్‌ప్రోబ్, అడ్డగీత, ఆర్‌తో తీసేసి, యాంట్ అండర్‌స్కోర్ సెల్ ఈక్వల్స్ 2 అని చేర్చి మళ్లీ ఎక్కించు. కుదరకపోతే 1 పెట్టు. సిగ్నల్ మైనస్ 80 నుంచి మైనస్ 50 దరిదాపులకి వచ్చిందంటే దొరికినట్టే. అప్పుడు ఆ ఆప్షన్‌ని ఈటీసీలోని మాడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఫైలుగా రాసి శాశ్వతం చెయ్యి.

ఇంటెల్‌తో పేచీ తక్కువ. డీమెసేజ్‌లో (కెర్నెల్ చిట్టా చూపే కమాండ్; డీ, ఎమ్, ఈ, ఎస్, జీ అని కొట్టాలి) 'డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2' అని కనబడగానే కంగారుపడకు. మైనస్ 2 అంటే ఆ ఫైలు లేదని అర్థం. ఇంటెల్ డ్రైవర్ కొత్త వెర్షన్ నంబరుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ వెతుకుతుంది, కింద ఎక్కడో 'లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్' అని ఉంటే పై లైన్లన్నీ ఉత్తవే. ఆ మాట ఎక్కడా లేకపోతేనే లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చెయ్యి.

డ్రైవర్ బాగానే ఉండి వైఫై ఆన్ కాకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టు. సాఫ్ట్ బ్లాక్‌కి యెస్ ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై సరిపోతుంది. హార్డ్ బ్లాక్ యెస్ అయితే కమాండ్లతో ఊడదు. పక్క స్విచ్చో, విమానం బొమ్మ కీనో చూసుకో. స్విచ్చే లేని కొన్ని లెనోవో ఐడియాప్యాడ్లలో ఐడియాప్యాడ్ ల్యాప్‌టాప్ అనే మాడ్యూల్ లేని స్విచ్ ఆఫ్‌లో ఉందనుకుంటుంది, దాన్ని తీసేస్తే వైఫై లేస్తుంది. విండోస్ కూడా ఉంచుకున్నావు గనక అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్. అది కార్డుని సగం నిద్రలో వదిలేస్తుంది.

ఊడిపోతూ ఉండే వైఫైకి మొదటి అనుమానం పవర్ సేవింగ్ మీదే. ఈటీసీలో నెట్‌వర్క్‌మేనేజర్, దాని లోపల కాన్ఫ్ డాట్ డీలో డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైలుంటుంది. అందులో 3ని 2 చేసి నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చెయ్యి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. పాస్‌వర్డ్ సరైనదే అయినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే రూటర్‌లో డబ్ల్యూపీఏ3 అనే భద్రతా పద్ధతి తీసి డబ్ల్యూపీఏ2 పెట్టి చూడు.

కార్డే మార్చాలనుకుంటే ముందు కింది మూత విప్పి స్లాటు ఏ రకమో చూడు. ఎమ్ డాట్ 2 స్లాటయితే ఇంటెల్ ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ తీసుకో. ఏఎక్స్201, ఏఎక్స్211 చవగ్గా దొరికినా కొనకు, అవి దానికి తగ్గ ఇంటెల్ బోర్డుల్లో తప్ప పలకవు.

ఇవన్నీ చేసినా రాకపోతే ఎల్ఎస్‌పీసీఐ, ఆర్ఎఫ్‌కిల్, డీమెసేజ్ ఏమన్నాయో మొత్తం కాపీ చేసి పంపు. ఫోన్‌తో తెర ఫొటో తీసి పంపకు, అందులో నంబర్లు కనబడి చావవు.

మావయ్య