జువాలజీ పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అనంతరం చేసే తాత్కాలిక పరిశోధన) కోసం ఒడిశాలోని బరంపురం విడిచి వెళ్లాలా?

తప్పనిసరి కాదు, బరంపురంలోనే ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ), గోపాల్‌పూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రం ఉన్నాయి. అయితే పీహెచ్‌డీ గైడు దగ్గరే కొనసాగడం కంటే, మీకింకా పట్టుబడని డీఎన్‌ఏ విశ్లేషణనో గణాంక పద్ధతులనో నేర్పగల మరో శాస్త్రవేత్తను ఎంచుకోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా గుడ్లు పెట్టే రుషికుల్య తీరం మీకు చేరువలోనే ఉంది. కానీ ఆడ తాబేలు ముందు రెక్కకు లోహపు ట్యాగు బిగించి దాని రాకపోకలను గమనించాలన్నా, ఆ జీవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ కల్పించే మొదటి షెడ్యూలులో ఉన్నందున, ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఖర్చుల విషయానికొస్తే, అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఇచ్చే జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్లు ఉంటుంది. వయోపరిమితి సాధారణంగా 35 ఏళ్లు, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు ఉంది.