చెంపలకి ఆకుపచ్చ రంగు వేసిన స్త్రీ బొమ్మని ఎలా చూడాలి?

మీ ప్రశ్న చదివాను. స్నేహితుల ఇంటి గోడ మీద ఒక ఆడమనిషి బొమ్మ చూశారు. చెంపలు ఆకుపచ్చ, పెదవులు నీలం, కళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందికీ. అందరూ బాగుందన్నారు, మీకేమో మనిషిని వికారంగా వేసినట్టు అనిపించింది. తప్పు మీదా, బొమ్మదా అని అడిగారు.

నేను చిత్రకారుణ్ణి కాను. తిరుపతిలో ఒక ఫోటో స్టూడియోలో 19 ఏళ్ళుగా పెళ్ళి ఫోటోలకి టచప్ చేస్తున్నాను. అంటే నా పని మొటిమలు తీసెయ్యడం, కళ్ళ కింద నలుపు తగ్గించడం, రంగు తేల్చడం. ఇవన్నీ చేస్తూ ఒకటి గమనించాను. పెళ్ళికూతురు చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంటే ఆ రంగు గడ్డం కిందా చెంప అంచునా పడుతుంది. నీలం షామియానా కింద నిలబడితే నుదురు నీలంగా వస్తుంది. ఫోటోని కంప్యూటర్‌లో బాగా పెద్దది చేసి చూడండి, చర్మంలో ఆకుపచ్చ, ఊదా, నీలం కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ నేను జీతం తీసుకున్నది ఆ ఆకుపచ్చని తుడిచెయ్యడానికే. కాబట్టి మీరు చూసిన బొమ్మలో ఆ రంగు ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు. మనం తీసేసేదాన్ని ఆ చిత్రకారుడు ఉంచాడు, ఇంకా గట్టి చేశాడు.

ఫ్రాన్స్‌లో మతీస్ అనే చిత్రకారుడు 1905లో తన భార్య ముఖాన్ని వేసినప్పుడు నుదుటి నుంచి ముక్కు మీదుగా నిలువునా ఒక ఆకుపచ్చ గీత గీశాడు. ఆ గీతకి ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ. ముక్కుకి నీడ వేసే బదులు రంగుతో ఆ పని చేయించాడు. ఆ బొమ్మని ఎవరైనా చూపిస్తే, ఆ గీతని వేలితో మూసి చూడండి. ముఖం చప్పబడిపోతుంది.

అయితే ఇది కంటికి సంబంధించిన సంగతి మాత్రమే. నాకు అసలు సంగతి తెలిసింది వేరే బొమ్మతో.

మా అక్క కూతురు జర్మనీలో చదువుకుంటోంది. మ్యూనిక్‌లోని లెన్‌బాహ్‌హౌస్ మ్యూజియం నుంచి రెండు పోస్టుకార్డులు తెచ్చింది. రెండింట్లోనూ ఒకే మనిషి, మరియన్నె ఫాన్ వెరెఫ్కిన్ అనే చిత్రకారిణి. మొదటిది ఆమె స్నేహితురాలు గాబ్రియేలె మ్యుంటర్ 1909లో వేసింది. వెనక పసుపు గోడ, తల మీద బండి చక్రమంత టోపీ, దాని నిండా పూలు, మెడ చుట్టూ ఊదారంగు కండువా. రంగుల చుట్టూ ముదురు గీతలు. మన శ్రీకాళహస్తి కలంకారీలో ముందు కసిమి అనే నల్లరంగుతో గీత గీసి తర్వాత రంగులు నింపుతారే, అది గుర్తొచ్చింది. మ్యుంటర్‌కి ఆ పద్ధతి నచ్చడానికి ఒక కారణం జర్మనీలో ఆమె ఉన్న ప్రాంతంలో గాజుపలక వెనక బొమ్మలు వేసే పాత జానపద కళ. పల్లె మనుషుల చేతిపనిని చూసి ఆమె నేర్చుకుందంటే నాకు చాలా గౌరవం కలిగింది.

రెండో కార్డు వెరెఫ్కిన్ తన్ను తాను వేసుకున్నది, 1910 ప్రాంతంలో. అప్పటికి ఆమెకి 50 ఏళ్ళు. కనుపాపలు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిన ఎరుపు కాదు, నిప్పు ఎరుపు. మొదట నాకు భయమేసింది, కార్డు తిరగేసి పెట్టేశాను. తర్వాత మా అక్క కూతురు ఆమె కథ చెప్పింది. రష్యాలో పుట్టి, పేరున్న చిత్రకారిణి అయింది. 1888లో వేటలో తుపాకీ పేలి కుడి చేతికి గాయమైతే, ఆ చేత్తోనే మళ్ళీ కుంచె పట్టడం నేర్చుకుంది. ఆ తర్వాత తన తోటి చిత్రకారుడు యావ్లెన్‌స్కీ ఎదగాలని దాదాపు 10 ఏళ్ళు తన బొమ్మలు ఆపేసుకుంది. మళ్ళీ మొదలుపెట్టాక వేసిన ముఖం ఇది. ఆ కళ్ళని నా చేతికిస్తే నలుపు చేసి పంపేవాణ్ణి. అప్పుడు ఆ పదేళ్ళు ఎక్కడుంటాయి?

అప్పుడు నాకు మన గంగమ్మ జాతర గుర్తొచ్చింది. మీరు తిరుపతి వైపు వాళ్ళయితే వెంటనే అర్థమవుతుంది. మొక్కుకున్నవాళ్ళు వేసే బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లసుద్ద, బండ వేషానికి ఎర్రగా కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. చిన్నప్పుడు మా నాన్న బొగ్గు పూసుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచి వెళ్తుంటే, 'మీ నాన్న ముఖం అంత నల్లగా ఉందేమిరా' అని ఎవరూ అడగలేదు. అది మొక్కు అని అందరికీ తెలుసు. ఆ రంగు ఆయన చర్మం గురించి కాదు, ఆయన మనసులో ఉన్నదాని గురించి. మే నెలలో వారం రోజులు ఊరంతా ముఖాల మీది రంగుని చదవగలిగినవాళ్ళం, గోడ మీది బొమ్మ దగ్గర ఎందుకు తడబడాలి?

ఇంకో సంగతి చెప్పాలి. మా అవ్వ పోయినప్పుడు పెద్దదినానికి ఫోటో నేనే తయారు చేశాను. ముడతలన్నీ తీసేశాను, ప్రేమతోనే. ఫ్రేము కట్టించి ఇంటికి తెస్తే మా అమ్మ చాలాసేపు చూసి, 'ఇదెవురురా?' అంది. ఆ రాత్రే స్టూడియోకి వెళ్ళి అసలు ఫోటో తీసి, పొయ్యి పొగకి చికిలించి చికిలించి కళ్ళ పక్కన పడిన గీతలు కొంచెం ముదురు చేసి మళ్ళీ ప్రింటు వేశాను. నిజంగా ఉన్నదానికన్నా ముదురుగా. అమ్మ దాన్ని చూసి ఏడ్చింది. కంటికి కనిపించినదాన్ని కాక మనసులో ఉన్నదాన్ని ఇలా గట్టి చేసి వేసే చిత్రకళని ఎక్స్‌ప్రెషనిజం అంటారని నేను విన్నది ఆ తర్వాతే.

అన్నీ నచ్చాలని లేదు. అమెరికాలో డి కూనింగ్ అనే చిత్రకారుడు 1950 నుంచి 1952 దాకా గీస్తూ చెరిపేస్తూ వేసిన స్త్రీ బొమ్మ ఒకటి ఉంది. పెద్ద కళ్ళు, బయటపడిన పళ్ళు. అందులో కోపం ఉందని తెలుస్తుంది, కానీ ఆ కోపం ఆమెదా, ఆమె మీద ఆయనదా అన్నది నాకు ఇంకా తేలలేదు. మీకూ అట్లాంటి బొమ్మ ఎదురైతే నచ్చలేదనే చెప్పండి.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ముందు నాలుగడుగులు వెనక్కి నిలబడండి. ఫోన్‌లో చిన్నగా చూసి నిర్ణయించకండి. మ్యుంటర్ బొమ్మ ఎత్తు 81 సెంటీమీటర్లు, మేము పెళ్ళి ఫోటోకి కట్టే పెద్ద ఫ్రేముకన్నా కాస్త ఎక్కువే. ఆ సైజులో ముఖం మనిషిలా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. తర్వాత బొమ్మలోని ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టి చూడండి, చెయ్యి మార్చి రెండోది చూడండి. మీరు చెప్పినట్టు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే, రెండు కళ్ళలో రెండు వేర్వేరు మనఃస్థితులు ఉండొచ్చు. ఆకుపచ్చ ఏ చెంప మీద ఎక్కువుందో, వెలుగు ఎటునుంచి వస్తోందో చూసి ఇక్కడే రాయండి. నేను తప్పకుండా చదువుతాను.