వత్తులు తెగి కనిపిస్తే ఫైల్ మీద చెయ్యి వెయ్యకు బుజ్జీ

బుజ్జీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. మొదటిదాంట్లో స్క్రోల్ చేస్తుంటే పాత లైన్ల ముక్కలు కొత్త లైన్ల మీద అలాగే అతుక్కుపోయి ఉన్నాయి, రెండోదాంట్లో కింద వత్తులు సగానికి తెగిపోయాయి. ఈ రెండిటికీ సంబంధం లేదమ్మా. రాత్రంతా కూర్చుని మళ్లీ టైప్ చేస్తానంటున్నావు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకు, బాగున్న థీసిస్ పాడవుతుంది.

ముందు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసి, దాన్నుంచి ఒక పీడీఎఫ్ తీసి చూడు. పీడీఎఫ్‌లో అక్షరాలు శుభ్రంగా ఉంటే నీ ఫైల్‌కి ఏమీ కాలేదు, తెర మీద బొమ్మ గీసే దగ్గరే తేడా వస్తోంది. మానిటర్ మార్చమని ఎవరైనా చెప్తే వినకు, ఆ మరకలు స్క్రీన్‌షాట్‌లో కూడా పడ్డాయంటే మానిటర్ తప్పు కాదు.

నువ్వు వాడేది లిబ్రేఆఫీస్ రైటర్ కదా. ఆ మరకలకి వైద్యం ఉంది. 2020లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి విండోస్‌లో స్కియా అనేదాంతో తెర మీద గీస్తున్నారు, అది గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకుంటుంది, కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌తో, అంటే డ్రైవర్‌తో, దానికి పడకపోతే ఇలాంటి మరకలు, నల్ల డబ్బాలు వస్తాయి. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లిబ్రేఆఫీస్ కింద వ్యూ తెరిచి 'ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్'కి టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరువు. కాస్త నెమ్మదించినా నీ రాతపనికి అదేం అడ్డం కాదు. అప్పటికీ పోకపోతే, అక్కడ స్కియా వాడమనే టిక్ కనిపిస్తే దాన్నే తీసెయ్యి, తర్వాత తీరిగ్గా డ్రైవర్ అప్‌డేట్ చేసుకో.

ఇక వత్తుల సంగతి. ఇది పీడీఎఫ్‌లో కూడా తెగి వస్తే మాత్రం స్కియాని అనుకుని లాభం లేదు, లైన్ స్పేసింగ్ చూడు. యూనివర్సిటీ ఇచ్చిన టెంప్లేట్ ఇంగ్లీషు కొలతలతో చేసినదై ఉంటుంది, పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో స్పేసింగ్ 'ఫిక్స్‌డ్' అని పెట్టేసి ఉంటారు, వర్డ్‌లో అయితే దాన్నే 'ఎగ్జాక్ట్లీ' అంటారు. లైనుకి ఇంతే ఎత్తు అని బిగించేస్తే ఇంగ్లీషు అక్షరాలు సర్దుకుంటాయి కానీ మనకి పైన గుడి, కింద వత్తు, 'రాష్ట్రం' లాంటి మాటల్లో రెండేసి వత్తులు, వాటికి చోటు ఎక్కడిది? దాన్ని 'ప్రపోర్షనల్' చెయ్యి, లేదా 'ఎట్ లీస్ట్' పెట్టు. ఒక్కో పేరా పట్టుకుని కూర్చోకు, పేరాలన్నిటికీ కలిపి ఉండే స్టైల్‌లోనే మార్చు. ఆ స్టైల్ తెరిచినప్పుడే ఫాంట్ కూడా చూసుకో, తెలుగు సైజు అక్కడ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద విడిగా ఉంటుంది, ఇంగ్లీషు సైజు ఎంత మార్చినా తెలుగు కదలదు.

ఇంకోటి, చుక్కల సున్నా మీద గుణింతం గుర్తు వేలాడుతూ కనిపిస్తే అది నిజంగా టైపింగ్ తప్పే, హల్లు లేకుండా గుణింతం పడిందన్నమాట, చాలాసార్లు ఒకే గుర్తు రెండుసార్లు పడి ఉంటుంది. దాన్ని మాత్రం టెక్స్ట్‌లోనే దిద్దు.

ముందు పీడీఎఫ్ తీసి నాకు పంపు, గైడ్‌కి తర్వాత పంపుదువుగాని.

పెదనాన్న